రోనోక్ జనం, మా మేనత్త

రోనోక్ వలసలో మనుషులు మాయమైపోయారని అందరూ చెబుతారు. వీడియోల్లో అయితే వెనక దడ పుట్టించే సంగీతం పెట్టి మరీ చెబుతారు. మాయా లేదు, మంత్రమూ లేదు. తెనాలిలో డిగ్రీ పిల్లలకి అమెరికా చరిత్ర చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఏటా ఈ మాట మీద తగువు పెట్టుకుంటూనే ఉన్నాను. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు నుంచి నూరుమందికి పైగా, ఆడవాళ్ళూ పిల్లలతో సహా, అమెరికా తీరంలో రోనోక్ అనే దీవిలో దిగారు. సరుకులు తెస్తానని వాళ్ళ గవర్నరు ఓడెక్కి వెళ్ళాడు. స్పెయిన్‌తో యుద్ధం అడ్డొచ్చి మూడేళ్ళకు గానీ తిరిగి రాలేకపోయాడు. వచ్చేసరికి మనుషులూ లేరు, ఇళ్ళూ లేవు. ఎవరో తగలబెట్టినట్టు కాదు, తీరుబడిగా విప్పి తీసుకెళ్ళినట్టు. కోట గుంజ మీద పక్క దీవి పేరు చెక్కి ఉంది. ఆపదలో వెళ్ళాల్సివస్తే పేరు మీద శిలువ గుర్తు పెట్టాలని ముందే అనుకున్నారు. శిలువ లేదు.

ఇంతకంటే ఎవరైనా ఎలా చెబుతారు? ఎక్కడికి వెళ్ళారో చెక్కి పెట్టి మరీ వెళ్ళినవాళ్ళని మాయమయ్యారనడం, వెతకనివాళ్ళు చెప్పుకునే సాకు. గవర్నరు ఆ పక్క దీవికి వెళ్దామనే అనుకున్నాడు. గాలివాన ముదిరి, లంగరు తాడు తెగి, ఓడ వెనక్కి తిరిగింది. ఆ జనంలో అతని కూతురూ, పసిగుడ్డుగా వదిలి వెళ్ళిన మనవరాలూ ఉన్నారు.

ఈ పాఠం ఏనాడూ నాకు భయం పుట్టించలేదు. మొన్నటి తుఫాను దాకా.

మా మేనత్త రేపల్లె దిగువన, సముద్రానికి దగ్గర్లో ఒక ఊళ్ళో ఒంటరిగా ఉంటుంది. పిల్లల్లేరు, మావయ్య పోయి చాలా కాలమైంది. తుఫాను తీరం దాటకముందే ఆమె ఫోను పలకడం మానేసింది. టవర్లు పోయుంటాయని మా ఆయన సర్దిచెప్పాడు. మీ అత్తని ఊళ్ళోంచి కదిలించాలంటే తుఫాను కూడా అర్జీ పెట్టుకోవాలి అని నవ్వాడు కూడా. నాకు నవ్వు రాలేదు. గాలి తగ్గగానే దొరికిన బస్సెక్కాను. దారి పొడవునా వరి నీళ్ళలో పడుకుని ఉంది. రేపల్లెలో ఆటో మాట్లాడుకుంటే, నీళ్ళు ఎక్కడ అడ్డొస్తే అక్కడే దింపేస్తానని అతను ముందే చెప్పాడు. సరేనన్నాను. నేను ఆటోవాడితో వాదించలేదంటేనే నా పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

ఇంటికి తాళం వేసి ఉంది. మునగచెట్టు విరిగి వాకిట్లో అడ్డంగా పడి ఉంది. తాళం చూసి ముందు ఊపిరి పీల్చుకున్నాను. బకెట్లు బయట లేవు, కిటికీలు మూసి ఉన్నాయి. అంటే తీరుబడిగా సర్దుకునే వెళ్ళింది. ఇంటిని చూసి మనుషుల సంగతి గ్రహించడం నేను పిల్లలకి నేర్పే విద్యే. అంతలో చూపు కిందికి పోయింది. ముగ్గు లేదు.

ఆ ఊళ్ళో ఎవరైనా ఊరెళితే పక్కింటివాళ్ళు వాళ్ళ వాకిలి కూడా చిమ్మి, చిన్న ముగ్గైనా వేస్తారు. బోడి వాకిలి ఉంచరు. బోడి వాకిలంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని. చుట్టుపక్కల వాకిళ్ళలో ముగ్గులు తెల్లగా ఉన్నాయి. అత్త వాకిట్లోనే లేదు. పక్కింటి అమ్మాయి అరుగు మీద తడిసిన బొంతలు ఆరేస్తోంది. పిలిచి అడగాలి. ప్రిన్సిపాలునైనా నిలబెట్టి అడిగే నేను, విరిగిన మునగకొమ్మని పక్కకి లాగుతూ నిలబడ్డాను. ఆమే నన్ను చూసింది.

"అక్కా, మీరొచ్చారేంటి? పిన్నిగారు బాగున్నారా?"

నేను అడగాల్సిన మాట ఆమె అడిగింది. అత్త ఏదని అడిగాను.

"తెనాలి మీ ఇంటికేగా వెళ్ళారు. వాన మొదలవకముందే బస్సెక్కారు. రాలేదా?"

ఆమె చేతిలో బొంత జారి బురదలో పడింది. గ్రామ సచివాలయం వాళ్ళు ఎవరెక్కడున్నారో లెక్క రాసుకుంటూ ఇంటింటికీ వచ్చి అడిగితే, పిన్నిగారు మేనకోడలింట్లో ఉన్నారని తనే చెప్పి పంపించానంది. ముగ్గు సంగతి అడిగితే, చెట్టు తీయించాక వేద్దామనుకున్నానంది. ముగ్గు భయం పోయింది, అంతకు పదింతలది వచ్చి కూర్చుంది. ఊరి లెక్కలో అత్త తెనాలిలో ఉంది. తెనాలి లెక్కలో ఊళ్ళో ఉంది. ఎవరూ వెతకరు.

రోనోక్ తర్వాత ఇరవై ఏళ్ళకు జేమ్స్‌టౌన్‌లో దిగిన ఇంగ్లీషువాళ్ళు పాత జనం గురించి ఆరా తీశారు. ఫలానా చోట బతికున్నారనీ, చంపేశారనీ పుకార్లే దొరికాయి. నాకూ అదే మొదలైంది. జనం పోగయ్యారు. కాలువ లాకుల దగ్గరికి ఎవరిదో శవం కొట్టుకొచ్చిందట, ఆడమనిషేనట అన్నాడొకాయన. పక్కింటి అమ్మాయి అతన్ని కసిరింది. నేను ఆమె వైపే తిరిగాను.

ఏం పట్టుకెళ్ళిందని అడిగాను. సంచీ, గుడ్డ చుట్టిన మాగాయ జాడీ అంది. నాకు బీపీ వచ్చిన నాటి నుంచీ, ఉప్పు కూడదని అత్త మా ఇంటికి పచ్చడి ముక్కైనా తేలేదు. మాగాయ మా ఇంటికి కాదు. మాగాయంటే ప్రాణం పెట్టే మనిషి మా చుట్టాల్లో ఒకరే ఉన్నారు, బాపట్లలో అత్త తోడికోడలు. మావయ్య కర్మల రోజు వంటల దగ్గర మాటా మాటా వచ్చి, ఆ తర్వాత ఇద్దరూ ఎదురుపడినా పలకరించుకోలేదు.

ఫోను చేసి అడుగుదామంటే సిగ్నలే లేదు. బాపట్ల బస్సులో కూర్చున్నానే గానీ నా ఊహ మీద నాకే నమ్మకం లేదు. ఒక జాడీని పట్టుకుని ఇంత దూరం వెళ్తున్నాను. ఇది తప్పయితే తర్వాత వెళ్ళాల్సింది లాకుల దగ్గరికే. కర్లపాలెం దాటాక రోడ్డు మీద నీళ్ళొచ్చి బస్సు ఆగింది. గవర్నరు ఓడ తిప్పిన సంగతి గుర్తొచ్చి, డ్రైవరు దగ్గరికి వెళ్ళి, వెనక్కి మాత్రం తిప్పకండి బాబూ అన్నాను. నీళ్ళు తీసేదాకా ఆగుదామండి, తిప్పనులెండి అన్నాడు.

ఆ ఇంటి గేటు తీయకముందే గొంతులు వినిపించాయి. మాగాయలో మెంతిపిండి ఎక్కువైందని తోడికోడలు, నీ నాలుకకేం తెలుసని మా అత్త. గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఏంటే, ముఖం అలా పెట్టుకొచ్చావు? మీ ఆయన బాగున్నాడా?" అంది అత్త కంగారుగా.

పడిందంతా చెప్పాను. లాకుల మాట కూడా. విని, ఛార్జి అయిపోయిందే ఫోను అంది. కాళ్ళు కడుక్కుని అన్నానికి రమ్మంది. తోడికోడలు తలెత్తకుండా ఆకు వేసింది. ఒక్క మాట మాత్రం అప్పుడూ అడిగాను, ఆ తర్వాతా అడిగాను, అడిగినప్పుడల్లా అత్త మెంతిపిండి గొడవ ఎత్తుకుంటుంది. ఇప్పటికీ ఆమె ఫోను ఒక రింగు ఎక్కువ మోగితే పక్కింటి అమ్మాయికి చేస్తాను.

ఊరందరికీ నా ఇల్లు చెప్పి, పలకరింపే లేని మనిషి గుమ్మానికి ఎందుకు వెళ్ళావత్తా?