రేవు కింద సముద్రం

ఆఖరి పంటు కదిలిన రోజున ఔలాద్ సల్లాం ఊరంతా రేవులో నిలబడి ఏడ్చింది, ఒక్క హల్లూమా తప్ప. ఆవిడ మోకు విప్పి నీళ్ళలోకి విసిరేసి, చేతులు గౌనుకి తుడుచుకుని, పంటు మలుపు తిరిగేదాకా కూడా ఆగకుండా జనాన్ని మోచేతులతో తోసుకుంటూ బయటపడింది.

"ఎక్కడికే ఆ పరుగు? ఏడుపు ఇంటిదగ్గర దాచిపెట్టావా?" అన్నాడు మొగుడు ముఖ్తార్.

"అమీన్ దగ్గరికి. నాకంటే ముందు ఇంకెవడైనా అక్కడికి చేరితే నిన్ను ఊరుకోను. తప్పుకో!"

అమీన్ అంటే చేపలవాళ్ళ పెద్ద. ఆ పెద్దరికం ఇప్పుడు షెడ్లీ ముసలాయనది. ఆయన గుమ్మంలో కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. పక్కనే ముక్కాలిపీట మీద ఆక్టోపస్‌లు పట్టే సాసి, చేతిలో టీ గ్లాసు. ముందే వచ్చేశాడు!

"షెడ్లీ బాబాయ్, మా నాన్న సముద్రం నాకిచ్చెయ్," అంది రొప్పుతూ.

సాసి గ్లాసు కింద పెట్టకుండానే నవ్వాడు. "ఏ సముద్రమే? పంటు ముప్పయ్యేళ్ళు చిలికిన మజ్జిగా? అక్కడ చేప కాదు గదా, చేప కల కూడా రాదు. నూనె తాగి చచ్చిన నీళ్ళవి. ఆక్టోపస్‌కైతే ఆ బురద చాలు, అవి దూరి దాక్కునే కుండలు వేసుకుంటానని నేను బాబాయ్‌ని అడిగేశా."

కెర్కెనా దీవుల్లో దుక్కికీ కోతకీ పనికొచ్చే నేల లేదు. పొలాలన్నీ సముద్రంలోనే ఉంటాయి. మోకాలి లోతు, నడుం లోతు నీళ్ళలో ఖర్జూరమట్టలు గుచ్చి దడి కడతారు. పోటుకి తీరంలోకి మేతకొచ్చిన చేప, నీళ్ళు వెనక్కి తీసే పాటుకి లోతుకి పోతూ దడికి తగులుతుంది. దాని వెంటే పోయి పోయి, చివర మట్టలతో కట్టిన గదిలో దూరి, అక్కణ్ణుంచి మావులో పడుతుంది. మావంటే అల్లిన బుట్టే, కానీ లోపలికే తప్ప బయటికి దారి ఉండదు. ఏ దడి ఎవరిదో, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకానో ఊరికంతటికీ తెలుసు. తాత తండ్రికి, తండ్రి బిడ్డకి ఇస్తాడు.

హల్లూమా తండ్రి ఫ్రెజ్‌కి వచ్చిన పొలం మీద రేవు కట్టారు. అవతలి ఒడ్డున ఉన్న స్ఫాక్స్ పట్నం నుంచి కార్లని, మంచుదిమ్మల్ని, గొర్రెల్ని, పెళ్ళికూతుళ్ళని మోసుకొచ్చే పంటుకి చోటు కావలసివచ్చింది. దడి పీకేశారు, అడుగు తవ్వి దారి చేశారు, ఒక పక్కన పొడవాటి రాతిగోడ కట్టారు. ఫ్రెజ్‌కి బదులుగా ఇచ్చింది మోకు పట్టే ఉద్యోగం. ఆయన ఒక్క మోకు కూడా నీళ్ళలో పడనివ్వలేదు. అయినా పంటు తిరిగివెళ్ళేటప్పుడు అది రేపిన బురదనీళ్ళకేసి చూసి రోజూ ఒకసారి ఉమ్మేవాడు.

ఆయన భుజం పడిపోయిన ఏడు, హల్లూమా వెళ్ళి మోకు కట్టే గుంజ పక్కన నిలబడింది. అప్పటికి పెళ్ళి కాలేదు. పంటు నడిపే సరంగు పైనుంచి వంగి చూశాడు.

"ఏమ్మా, మీ నాన్నని పిలువు. ఇది బట్టలారేసే తాడు కాదు."

"వేసి చూడు మామా. పడిపోతే నేనే దూకి తెచ్చుకుంటా."

ఆయన కావాలనే గట్టిగా, వంకరగా విసిరాడు. హల్లూమా రెండడుగులు వెనక్కి వేసి గాల్లోనే అందుకుంది. గుంజకి రెండు చుట్లు చుట్టి, తలెత్తి, "ఇంకోటి వెయ్, ఒక చెయ్యి ఖాళీగానే ఉంది," అంది. పంటు మీద జనం ఈలలు వేశారు. ఆ రోజు నుంచి ఆమె ఉద్యోగం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఎర్రబట్టల డోలు మేళాలు దిగినా, పెళ్ళి ఒంటె మొరాయించి ర్యాంపు మీదే కూలబడ్డా, శీతకాలపు గాలికి పంటు గోడని గుద్దినా ఆ మోకు హల్లూమా చేతుల్లోనే ఉండేది. ఏళ్ళు గడిచేకొద్దీ తవ్విన దారి ఇసకతో పూడుకుపోసాగింది. పెద్ద పంట్లు అడుగు తగిలి ఆగిపోయేవి. దీవి కొసన లోతు నీళ్ళలో కొత్త రేవు కట్టారు, పాతది మూసేశారు. ఊరికి అది చావుకబురు. హల్లూమాకి మాత్రం నాన్న పొలం ఖాళీ అయింది.

షెడ్లీ దారం కొరికి ఇద్దరినీ చూశాడు.

"పాడుపడ్డ పొలం పండించినవాడిది. దడులు పాతే రోజులొచ్చాయి. ఈ వచ్చే పున్నమి పాటుకి నీ మావులో చేప చూపించు హల్లూమా. ఒకటీ అరా అయితే ఒప్పుకోను. ఊరు వచ్చి చూడాలి. లేదంటే సాసి కుండలు వేసుకుంటాడు."

"చూపిస్తా బాబాయ్."

"ఇన్షా అల్లా అనవే పిచ్చిదానా!"

"దారిలో అంటాలే, ముందు మట్టలు కొట్టాలి!"

ఫ్రెజ్ పోయాక దడి ఎక్కడ పాతాలో చెప్పగలిగింది ఒక్కరే, ఫ్రెజ్ చెల్లెలు రబ్హా. మనిషి ఎండిన ఆక్టోపస్‌లా మిగిలింది గానీ నోరు మాత్రం పచ్చిగానే ఉంది. ఆమెని ముఖ్తార్ పడవలో దిండు వేసి కూర్చోబెట్టారు. అక్కణ్ణుంచే చెయ్యి చాచి హుకుం జారీచేసింది.

"ఇంకా ఎడమకి! మా అన్న గుర్తు అదే, గట్టు మీది తెల్ల గుమ్మటం వెనక్కి ఒంటి ఖర్జూరం దాక్కోవాలి. దాక్కుందా? ఇంకా కనపడుతోందే? నీ కళ్ళలో ఏం పోసుకున్నావురా ముఖ్తార్?"

"అత్తా, అక్కడ లోతెక్కువ. నా మెడకొచ్చింది."

"మా అన్నకి నడుందాకా వచ్చేది. నువ్వు పొట్టివాడివి, దానికి నేనేం చెయ్యను!"

హల్లూమా నీళ్ళలో నవ్వుతూ, వణుకుతూ మట్టలు గుచ్చింది. ఒక్కో మట్టని రెండు చేతులా పట్టి, బరువంతా వేసి, బురదలోకి దింపి, పక్కదానికి కట్టడం. గోళ్ళు చిట్లాయి. సాయంత్రం ఇంటికొచ్చి బార్లీ రొట్టె ఆలివ్ నూనెలో ముంచుకుని తింటూ, తింటూనే నిద్రపోయేది. దడి పూర్తయిన రోజు గట్టు మీద నుంచి చూస్తే, చిన్నప్పుడు చూసిన నాన్న దడే మళ్ళీ నీళ్ళలోంచి లేచి నిలబడినట్టుంది. ఆనందం పట్టలేక ముఖ్తార్‌ని వీపు మీద ఒక్కటి చరిచింది.

మర్నాడు మావు ఎత్తితే అందులో నాచు ఉంది. ఒక ఎండ్రకాయ ఉంది, అదీ కోపంగా.

ఆ మర్నాడు ఎండ్రకాయ కూడా లేదు.

"హల్లూమా! ఏం పడిందే? పంటు టికెట్లా?" సాసి తన పడవలోంచి కేకేశాడు. వారం తిరిగేసరికి కొత్త కుండలు తెచ్చి గట్టు మీద వరసగా పేర్చడం మొదలుపెట్టాడు. చంద్రుడు రోజురోజుకీ బలుస్తున్నాడు. రబ్హా మట్టలు వదులయ్యాయంది, మావు అల్లిక బాగా లేదంది, చివరికి ముఖ్తార్ నడక చూసి చేపలు పారిపోతున్నాయంది. గుర్తుల మాట మాత్రం ఎత్తలేదు. గుమ్మటం గుమ్మటమే, ఖర్జూరం ఖర్జూరమే.

పున్నమి దగ్గరపడింది. ఆ పొద్దున హల్లూమా ఖాళీ మావుని గట్టుకి గిరాటేసి రాతిగోడ మీదకి వెళ్ళింది. కాళ్ళే తీసుకుపోయాయి. పోటు నిండి, పాటు మొదలవుతోంది. ఏళ్ళ తరబడి పంటు వచ్చి ఆగే వేళ అదే. గుంజ పక్కన నిలబడగానే కాళ్ళు ఎడంగా జరిగాయి, నడుం వెనక్కి వాలింది, చేతులు అక్కడ లేని మోకుని లాగిపట్టాయి.

ఎందుకు లాగిపట్టాయి?

పాటు మొదలైతే పంటు ముక్కుకి కట్టిన మోకు వీణతీగలా బిగిసేది. రెండో మోకు వెయ్యకపోతే అంత పంటూ గోడ వెంట సముద్రంలోకి జారిపోయేది. ఆ లాగే బలం భుజాల్లో ఇంకా ఉంది. నీళ్ళు గోడ వెంట లాగుతాయి!

వంగి, ఒక మట్ట ఆకు తుంపి గోడ పక్కన వదిలింది. ఆకు ఒక్క క్షణం తటపటాయించి, ఎవరో పిలిచినట్టు గోడని రాసుకుంటూ పరుగెత్తింది. హల్లూమా పైన, ఆకు కింద, ఇద్దరూ పరుగే. గోడ కొసన ఆకు గిర్రున తిరిగి పాత పంటు దారిలోకి దిగిపోయింది. అవతల దడి దగ్గర నీళ్ళు మాత్రం నిద్రపోతున్న గేదెలా కదలడమే లేదు. అంతలో గోడ నీడలో ఇంకో నీడ సాగింది. ఒకటి, దాని వెనక పది, వాటి వెనక లెక్కలేనన్ని. బొంతచేపలు! తలలన్నీ ఒకే వైపు.

"నాన్న దడి పాతినప్పుడు ఈ గోడ లేదు కదా!" అని గట్టిగా అరిచింది, వినేవాళ్ళెవరూ లేకపోయినా.

ఇంటికి పరుగెత్తి చెబితే రబ్హా అగ్గయిపోయింది.

"పీకేస్తావా? మా అన్న గుర్తు పీకేస్తావా? ఒకసారి వాళ్ళు పీకారు, ఇప్పుడు నువ్వు పీకుతావా?"

"అత్తా, ఆ గోడ కూడా నాన్న పొలంలోదే. ఒక్కసారి వచ్చి చూడు."

"చూడను."

"చూడకు. చెయ్యి పెట్టు, చాలు."

ముఖ్తార్ ముసలామెని మాట్లాడనివ్వకుండా ఎత్తుకుని గోడ దగ్గర మెట్ల మీద దించాడు. ఆమె వాడి చెవి మెలిపెడుతూనే ఉంది. తర్వాత చెవి వదిలి, చొక్కా చెయ్యి పైకి లాక్కుని, మోచేతిదాకా చెయ్యి నీళ్ళలో పెట్టింది. చాలాసేపు ఉంచింది. నీళ్ళు ఆమె వేళ్ళని సముద్రం వైపు వంచేస్తున్నాయి. మొహంలో బిగువు నెమ్మదిగా సడలింది.

"నీళ్ళు ఇటు తిరిగాయని మా అన్నకి ఎవరు చెప్పుంటారే? ఈ గోడనే చేపని గదికి నడిపించే దడి కాలుగా చేసుకో. కొసన గది కట్టు చాలు." మళ్ళీ గొంతు పెంచింది. "ఇంకా నిలబడ్డారేం? పీకండి, పీకండి!"

పాటుకీ పాటుకీ మధ్య పీకడం, మొయ్యడం, మళ్ళీ గుచ్చడం. సగం మట్టలు విరిగాయి. ఉన్నవాటితో గోడ కొస నుంచి కొక్కెంలా వంచిన చిన్న దడి, దాని కడుపులో గది, గదికి మావులు. పున్నమి పొద్దుటికి పని అయింది. అప్పటికే గట్టు మీద జనం. షెడ్లీ కర్ర ఊనుకుని వచ్చాడు. సాసి కొత్త ప్యాంటు వేసుకుని, తన కుండల పక్కన పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

"రాతికాలు దడట! రేపు చేపలకి టికెట్లు కూడా కొడతావా?"

"నీ దగ్గర మాత్రం రెండింతలు వసూలు చేస్తా, ఆగు!" అంది హల్లూమా.

పాటు మొదలైంది. నీళ్ళు జారుతున్నాయి. ఏమీ లేదు. ఎవరో దగ్గారు. సాసి ఒక కుండ చేతిలోకి తీసుకున్నాడు.

గోడ పక్కన నీటి తోలు వణికింది. ఒక వెండి మెరుపు ఎగిరి పడింది. ఇంకోటి. తర్వాత గోడ పొడవునా నీళ్ళు పొయ్యి మీద పెట్టినట్టు ఉడికాయి. గుంపు గుంపంతా గోడ కొస తిరిగి కొక్కెంలోకి దూరింది.

"వచ్చాయ్! వచ్చాయ్ అత్తా!"

"నాకు చెప్తావేంటే, మావు చూడు!"

హల్లూమా, ముఖ్తార్ దూకేశారు. మొదటి మావు ఇద్దరికీ లేవలేదు. గదిలో చేపలు ఒకదాని మీద ఒకటి పడి మట్టల్ని గుద్దుతున్నాయి. విరిగిన మట్టలు కట్టిన చోట దడి బయటికి వాలసాగింది. ఇంకొంచెం వాలితే అంతా పోతుంది. హల్లూమాకి మావు వదిలే వీల్లేదు, వదలకుండా దడిని అందుకునే వీల్లేదు. "పోతోంది! ఎవరైనా పట్టండి!" అని గొంతు చించుకుంది.

దభాలున పక్కన నీళ్ళు లేచాయి. సాసి! కొత్త ప్యాంటుతోనే దూకి, వాలిన చోట వీపు ఆనించి, కాళ్ళు బురదలో తన్నిపెట్టి నిలబడ్డాడు. కళ్ళ ముందు చేప జారిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆ దీవిలో ఎవరికీ చేతకాదు, అది పక్కవాడి చేప అయినా సరే.

"తాడు విసరవే! తాడు! మోకు పట్టినదానివి, తాడు విసరడం రాదా?"

"నాకు పట్టడమే వచ్చు, విసరడం గట్టు మీదివాళ్ళ పని!"

"ఇప్పుడా పరాచికాలు! నా వీపు చీరుకుపోతోంది!"

హల్లూమా మావుని ముఖ్తార్‌కి అప్పగించి, గట్టు మీదివాళ్ళు విసిరిన తాడుని గాల్లోనే అందుకుని, దడికి చుట్టి గోడ మీది గుంజకి బిగించింది. దడి నిలబడింది. మావు తర్వాత మావు గట్టుకి చేరింది. షెడ్లీ వంగి, తళతళలాడే కుప్పలోంచి ఒక బొంతని తోకపట్టి ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"నూనె వాసన లేదు," అన్నాడు. "పొలం ఫ్రెజ్ కూతురిది. సాసీ, కుండలు ఇంటికి పట్టుకుపో."

"నా ప్యాంటు సంగతేంటి బాబాయ్?" సాసి నీళ్ళలోంచే అరిచాడు.

"ఒక మావు నువ్వు తీసుకో," అంది హల్లూమా. "దడి నీ వీపు మీదే కదా నిలబడింది."

"రెండు! ప్యాంటు స్ఫాక్స్‌లో కొన్నది."

"ఒకటే. ఇంకా పేచీ పెడితే అదీ లేదు!"

గోడ వెంట నీళ్ళు మళ్ళీ వణికాయి. పాటు ఇంకా సగమే అయింది. రబ్హా మెట్ల మీద నుంచి ఖాళీ మావులు ఒక్కొక్కటే నీళ్ళలోకి తోస్తోంది. హల్లూమా ఒకదాన్ని చేజిక్కించుకుని గది మూతికి ఆనించింది.