గొర్రెల రంగు పూసిన బోల్టులు

2023, మామిడికాయల కాలం. తమిళనాడు ధర్మపురిలో నేను వర్క్‌షాపు ఉద్యోగం మానేసి, పనిముట్ల పెట్టె టూవీలర్‌కి కట్టుకుని, ఇళ్ల దగ్గరికే వెళ్లి కార్లు బాగుచేయడం మొదలుపెట్టి కొంతకాలమైంది. ఈ పనికి బోర్డు లేదు, షట్టర్ లేదు. ఉన్నదల్లా పేరు. వీడికి చేతివాటం ఉందని ఒక ఊళ్లో ఒక్కరు అన్నా చాలు, ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ బానెట్ ఎత్తనివ్వరు.

బి. మల్లాపురం దగ్గర నుంచి గోపాల్ నాయుడు అనే రైతు ఫోన్ చేశాడు. మావాళ్లలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కారులో కూలెంట్ నిలవడం లేదట. కూలెంట్ అంటే ఇంజిన్ వేడెక్కకుండా లోపల తిరిగే ద్రవం. ఇది కారిపోవడం కాదు, ఎవడో కావాలని తీసేస్తున్నాడని ఆయన గట్టి నమ్మకం.

"టౌనుకు తీసుకురండి మామా, తెలిసినవాళ్ల వర్క్‌షాపు లిఫ్ట్ మీద ఎత్తి చూస్తాను" అన్నాను.

"నా బండి వాకిలి దాటదు. వర్క్‌షాపుల్లో కొత్త సామాను పీకి పాతది పెడతారు. నువ్వే రా. నా కండ్ల ముందర చెయ్యాల."

వెళ్లి చూశాను. తీసేవాడెవడూ లేడు. ఇంజిన్ వెనక, ఫైర్‌వాల్ వైపు కూలెంట్ ఎండిన మరకలున్నాయి. ఫైర్‌వాల్ అంటే ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే ఇనుప గోడ. ఆ సందులో ఒక ఇనుప కూలెంట్ పైపు పోతుంది. చీలింది అదే. అక్కడికి చెయ్యి కాదు కదా, వేళ్లు కూడా సరిగా దూరవు. ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే సిలిండర్లకు గాలి పంచే పెద్ద గొట్టం, విప్పితేనే దారి.

కొత్త పైపు తెప్పించి, ఒక ఉదయం ఆయన రేకుల పందిరి కింద పని మొదలుపెట్టాను. నాయుడు నా పక్కనే కుర్చీ వేసుకున్నాడు. ఒళ్లో గోనెపట్ట, కాళ్ల దగ్గర ఎర్ర పెయింట్ ఉన్న ప్లాస్టిక్ డబ్బా. గొర్రెలను కాపరికి అప్పగించేటప్పుడు, వేరే మందలో కలిసిపోకుండా వీపు మీద పూసే రంగు అది. నేను ఒక్కో బోల్ట్ విప్పగానే చెయ్యి చాపి తీసుకునేవాడు. బ్రష్ ఎండి కట్టెలా అయిపోయింది కాబట్టి, బోల్ట్ తల కిందికి పెట్టి రంగులో ముంచి గోనెపట్ట మీద ఆరబెట్టేవాడు.

"ఏమిటికి మామా ఇదంతా?" అని అడిగాను.

"గొర్రెను గుర్తు పెట్టకుండా ఎవరికీ ఇయ్యను. బోల్ట్ మాత్రం ఇస్తానా?"

మొహం మాడిపోయింది నాకు. ఇన్నేళ్లుగా చేస్తున్న పనికి ఇదా మర్యాద అనుకున్నాను. కానీ విప్పిన ఇంజిన్‌ని వదిలేసి పోలేం కదా.

మానిఫోల్డ్ దించాక, సిలిండర్లలోకి పోయే రంధ్రాలకు వెంటనే గుడ్డలు కుక్కాను. అందులో చిన్న నట్టు పడినా ఇంజిన్ నాశనమే. తరవాత టార్చ్ వేసి పైపు చూశాను. పైపుని కదలకుండా ఇంజిన్‌కి పట్టి ఉంచే బ్రాకెట్ ఉంది, దాని బోల్ట్ లేదు. బండి నడిచినంతసేపూ పైపు ఊగి ఊగి చివరికి అతుకు దగ్గర చీలిపోయింది.

"ఇంతకు ముందు ఈ పక్కన ఎవరు చెయ్యి పెట్టినారు మామా?"

"సెల్వం అని, అదియమాన్‌కోట్టై వాడు. పోయిన సంవత్సరం స్టార్టర్ మోటర్ మార్చినాడు. చివరన బోల్ట్ ఒకటి తక్కువ ఉండాది, కొని తెచ్చి బిగిస్తానని కత చెప్పినాడు. దొంగలించింది వాడే. వాకిట్లో నిలబెట్టి అందరి ముందర అడిగి పంపించినాను. ఈ పక్క ఎవరూ వాడిని పిలవరు ఇప్పుడు."

సెల్వంని నేను ఎరుగుదును. మంచి పనివాడు. ఒక్క బోల్ట్ దొంగిలించి ఎవడు బాగుపడతాడు? ఎక్కడో పారేసుకుని బొంకి ఉంటాడని మాత్రం నాకూ అనిపించింది.

కొత్త పైపు వేశాను. బ్రాకెట్‌కి సరిపడే బోల్ట్ నా పెట్టెలో దొరక్క, అప్పటికి దాన్ని తీగతో కట్టి, గుడ్డలు తీసి మానిఫోల్డ్ ఎక్కించాను. నాయుడు ఎర్ర తలల బోల్టులు ఒక్కొక్కటే అందిస్తున్నాడు. చివరి రంధ్రం దగ్గరికి వచ్చేసరికి గోనెపట్ట ఖాళీ.

ఒక బోల్ట్ తక్కువ.

ఆయన నావైపు చూశాడు. నేను ఆయనవైపు చూశాను.

"జేబులు చూపించప్పా" అన్నాడు.

గోడ అవతల పక్కింటివాళ్లు అప్పటికే తలలెత్తి చూస్తున్నారు. సెల్వం నిలబడిన వాకిలి ఇదే. జేబులు రెండూ బయటికి లాగి చూపించాను. పెట్టె బోర్లించాను. నాకూ కోపం ఆగలేదు.

"ఇప్పుడు మీ పంచె మడత కూడా చూపించండి మామా."

నిజంగానే నాకు ఆయన మీద అనుమానం. నన్ను పరీక్షించడానికి దాచాడేమో, లేదా నా మీద వేసి కూలి ఎగ్గొట్టే ఎత్తేమో. ఆయన కళ్లెర్రజేసి లేచాడు, కానీ మడత విప్పి దులిపాడు. పొగాకు పొట్లం తప్ప ఏమీ రాలలేదు.

"సరే, ఒకటి లేకుంటే ఏమి? స్టార్ట్ చెయ్యి" అన్నాడు.

"చెయ్యను. గుడ్డలు తీసినాక లోపల పడిందేమో చూడకుండా తాళం తిప్పేది లేదు."

మానిఫోల్డ్ మళ్లీ దించాను. పికప్ మ్యాగ్నెట్, అంటే పొడుగు కాడకి అయస్కాంతం ఉన్న పనిముట్టు, ఒక్కో రంధ్రంలో పెట్టి చూశాను. ఏమీ తగల్లేదు. అప్పుడు ఆయన భార్య రాజమ్మ నాకు మజ్జిగ తెచ్చి, మొగుడి చేతులు చూసి నవ్వింది.

"అబ్బబ్బ, మోచేతి దాకా రంగే. నూనె చేతులు, రంగు చేతులు, ఇంగ యాడ నిలుస్తాది ఏదైనా?"

చటుక్కున తట్టింది. ఈయన పొద్దున్నుంచీ నా చేతులే చూస్తున్నాడు. తన చేతులు ఎప్పుడు చూసుకున్నాడు?

మ్యాగ్నెట్‌ని పెయింట్ డబ్బాలోకి దించాను. టక్కుమంది. పైకి లాగితే ఎర్రగా కారుతూ మానిఫోల్డ్ బోల్ట్. ముంచేటప్పుడు ఆయన వేళ్లలోంచి జారి మునిగిపోయి ఉంటుంది. గోడ అవతల ఎవరో పకపకా నవ్వారు. నాయుడు తల దించుకున్నాడు.

ఎందుకో మ్యాగ్నెట్‌ని మళ్లీ దించి, అడుగున గడ్డకట్టిన రంగుని గీకాను. ఇంకొకటి తగిలింది. ఇది పొట్టి బోల్ట్, పైన రంగు దళసరిగా పేరుకుపోయింది. ఈ ఉదయం నేను విప్పినవాటిలో ఇలాంటిది లేదు.

"మామా, సెల్వం పని చేసినప్పుడు కూడా ఈ డబ్బానేనా?"

రాజమ్మ "అదే" అంది.

థిన్నర్‌తో రంగు కడిగి, సందులోకి చెయ్యి దూర్చి, తీగ తెంపి, బ్రాకెట్ రంధ్రంలో పెట్టి తిప్పాను. మరలు ఎక్కడా అడ్డం పడకుండా చివరిదాకా ఎక్కింది. తన చోటుకి తాను పోయింది. నాయుడు కుర్చీలో కూలబడ్డాడు. నాకు గెలిచానన్న సంతోషం రాలేదు. సెల్వం మొహమే కళ్ల ముందు మెదిలింది.

అంతా బిగించి, కూలెంట్ నింపి, బండి స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కి ఫ్యాన్ తిరిగేదాకా కాచుకున్నాం. ఒక్క చుక్క కారలేదు.

"నువ్వే చెప్పప్పా సెల్వానికి" అన్నాడు నాయుడు, చిన్న గొంతుతో.

"అన్నది మీరు. చెప్పాల్సిందీ మీరే."

గోడ అవతలివాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్ల ముందే స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. చాలాసేపు మోగాక సెల్వం ఎత్తాడు. నాయుడు తన పేరు చెప్పగానే, అతను తమిళంలో నెమ్మదిగా అడిగాడు.

"ఇప్పుడేం పోయిందయ్యా?"

నాయుడు ఎర్రచేతిని పంచెకి తుడుచుకుని అన్నాడు. "ఏమీ పోలేదప్పా. దొరికింది. నా డబ్బాలోనే ఉండాది. తప్పు నాది."

సెల్వం ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు.

ఆ రోజు నుంచి నాకొక అలవాటైంది. బండి చూపించి 'ముందొచ్చినవాడు దొంగ' అని ఎవరైనా అంటే, స్పానర్ తీయకముందే ఆ ముందొచ్చినవాడికి ఫోన్ చేస్తాను. బండి గురించి అతనికి తెలిసింది ఇంకెవరికీ తెలియదు. కానీ ఫలానా ఇంటి నుంచి మాట్లాడుతున్నానని చెప్పగానే, చాలామంది నన్ను మొదట అడిగేది సెల్వం అడిగిన మాటే.