బొటనవేలి కింది అంకె

తొంభైల్లో ఒకసారి కరీంనగర్ నుంచి మంచిర్యాల పోయే బస్సులో ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. పొద్దుటి షిఫ్టులో మంచిర్యాల దగ్గరి బొగ్గుబాయిలో గని కప్పు కూలిందన్న కబురు విని బయల్దేరిన మనిషి. బస్సు ఆగిన ప్రతిచోటా లేచి నిలబడి, "జర జల్ది పోనియ్యుర్రి, నా పెద్దకొడుకు బాయిల ఉన్నడు" అని డ్రైవర్‌ను బతిమాలుతున్నాడు.

ఏం చేయాలో తోచక నా దగ్గరున్న బిస్కెట్ పాకెట్ ఇచ్చాను. తినలేదు. తాను అట్టపెట్టెలు అచ్చువేసే ప్రెస్సులో పనిచేస్తానని చెప్పి, పాకెట్ మీది బార్‌కోడ్ నల్లగీతల కింద ఉన్న అంకెల్లో ఒకదాన్ని బొటనవేలితో మూశాడు.

"ఒక అంకె అట్లనే, దాని పక్కది మూడింతలు. గట్ల అన్ని కలిపితే చివర సున్న రావాలె. రాకపోతే ఎక్కడో తప్పు పడ్డట్టు. ఆఖరి అంకె పెట్టేది గందుకే. ఒక్కటి చెరిగిపోయినా మిగిలినయి దాన్ని పట్టిస్తయి."

పెదవులు కదిలిస్తూ లెక్క కట్టి "ఏడు" అన్నాడు. వేలు తీస్తే ఏడే ఉంది.

లెక్క కడుతుండగా బస్సు ఒకచోట ఆగినా ఆయన లేవలేదు. అందుకే మాటల్లో ఉంచాలని అడిగాను.

"రెండు చెరిగిపోతే, కాకా?"

ఆయన వేలు పాకెట్ మీదే ఆగిపోయింది.

"దొరకయి బిడ్డా."

అప్పటిదాకా బస్సులో ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పాడు. "చిన్నోడు సుత అదే షిఫ్టుల దిగిండు."

మంచిర్యాలలో పాకెట్ నా ఒళ్లో పెట్టి, బస్సు పూర్తిగా ఆగకముందే దిగిపోయాడు.

ఇప్పటికీ ఏ పాకెట్ చేతికొచ్చినా ఒక అంకెను మూసి లెక్క కడతాను. రెండో అంకె మీదికి వేలు పోదు.