వెనక చక్రంలో లారీ గ్రీజు

మా ఇంట్లోవాళ్లకు నా సైకిల్ మీద ఎప్పటినుంచో కన్ను. డెబ్బై ఒకటి నిండిన ఆడమనిషి దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో సైకిల్ తొక్కడం నా కొడుక్కి నామోషీ. కోడలికి వాకిట్లో స్కూటర్ పెట్టుకోవడానికి జాగా కావాలి. పైకి చెప్పేది మాత్రం భయం. నన్ను కొత్తిమీరకు పంపేటప్పుడు ఆ భయం ఎవరికీ గుర్తురాదు.

మోకాళ్లు అరిగి అర కిలోమీటరు నడవలేను. సైకిల్ మీదైతే ఎల్బీ నగర్‌లోని మా చర్చిదాకా పోయి రాగలను. ఇది డాక్టరుకు అర్థమైంది, కన్నకొడుక్కి కాలేదు. సైకిల్ పోతే నేను గడప దాటాలన్నా ఇంకొకరి తీరిక చూసుకోవాలి. వాళ్ల తీరిక ఎట్లాంటిదో నాకు తెలుసు.

పోయిన వానాకాలం చైతన్యపురి దగ్గర రోడ్డు మీద నిలిచిన నీళ్లలోంచి సైకిల్‌ను నడిపించుకుని వచ్చాను. ఇరుసు మునిగింది. వారం తిరగకుండానే వెనక చక్రం కరకరమనడం మొదలుపెట్టింది. ఇంట్లో అందరి ముఖాలూ వెలిగాయి. ఆదివారం పొద్దుటికి ఆ చప్పుడు పోకపోతే పాత సామానువాడికి ఇచ్చేస్తానని కొడుకు ప్రకటించాడు. పోతే మళ్లీ ఆ ఊసెత్తకూడదని నేనూ షరతు పెట్టాను. తీర్పు చెప్పే పని మా మరిదికి అప్పగించారు. ఆయన మా పైవాటాలో ఉంటాడు. నల్లగొండకూ పట్నానికీ మధ్య ముప్పై ఏళ్లు లారీ తోలి దిగాడు కాబట్టి, లోకంలోని చక్రాలన్నీ తనకు చుట్టాలే అనుకుంటాడు.

ముందు ఎల్బీ నగర్‌లో ఒక పెద్ద సైకిళ్ల దుకాణానికి తీసుకుపోయాను. ఏసీ, అద్దాలు, గోడకు వేలాడదీసిన సైకిళ్లు. యజమాని చక్రాన్ని ఒక్కసారి తిప్పి, చెవి కూడా ఒగ్గకుండా, చక్రం మొత్తం మార్చాలన్నాడు.

"ఈ మోడల్‌కి పార్ట్‌లు రావట్లేదండీ. అయినా ఈ వయసులో మీకెందుకమ్మా సైకిలు?"

"మూత తీయకుండానే రోగం చెప్తున్నవు. నేను సర్కారు దవాఖానలో మందులిచ్చిన దాన్ని. నీలాంటోళ్లను చాలామందిని చూసిన" అన్నాను.

రావని అతను చెప్పిన పార్టులు మూసారాంబాగ్‌లో ఒక ఇరుకు కొట్లో అడగగానే దొరికాయి. ఇరుసు, దానికి రెండు చివరలా బిగించే రెండు కోన్‌లు, వాటి కింద తిరిగే ఇనుప గోళీలు. కావలసినవి అవే.

శనివారం మా వాకిట్లో సైకిల్‌ను తలకిందులు చేశాం. విప్పుతానని నేను పానా అందుకుంటే మరిది లాక్కున్నాడు. ఆడవాళ్లు పానా పట్టుకుంటే ఆయన లారీ పరువు పోతుంది కాబోలు. విప్పి చూస్తే గ్రీజు తుప్పు రంగులో ఉంది, కోన్‌లు గుంటలు పడ్డాయి. గోళీలు కూర్చునే కప్పులు మాత్రం నున్నగా ఉన్నాయి. ఒక్కోవైపు తొమ్మిది గోళీలు పట్టాలి. ఆయన ఒకవైపు ఎనిమిదే పెట్టి మూయబోయాడు. ఒకటి తక్కువైతే ఏమవుతుందని నన్నే అడిగాడు. తొమ్మిదోది పెట్టించాను. తర్వాత కోన్‌ను లారీ నట్టు బిగించినట్టు బిగించాడు. చక్రం తిరగనంది. వదులు చేయించాను. చక్రం ఊగకూడదు, పట్టేయకూడదు. ఆ రెంటికీ మధ్య ఉండేది పావు తిప్పు. పావు తిప్పు అనే కొలత లారీలవాళ్లకు ఉండదు.

అన్నం పొయ్యి మీద ఉందని, మిగతా పని మరిదికి వదిలి లోపలికి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది అనను. అన్నం మాడితే మళ్లీ వాళ్లే మాట్లాడతారు.

ఆదివారం పొద్దున అందరూ చర్చికి తయారై వాకిట్లో నిలబడ్డారు. చక్రం తిప్పి చూపించాను. చప్పుడు లేదు. మరీ లేదు. ఎక్కి తొక్కాను. పెడల్ గిర్రున తిరిగింది, సైకిల్ అంగుళం కదల్లేదు. గోడ పట్టుకుని దిగాను.

"అయిపోయిందమ్మా. ఇంక కార్ల కూసో" అన్నాడు కొడుకు. ఆ గొంతులో సంతోషం దాచుకోవడం కూడా వాడికి చేతకాలేదు.

నేను మరిది వైపు చూశాను. "పండ్ల చక్రంల ఏం పెట్టినవ్?"

"గ్రీజు వదినా. మా లారీది మిగిలిందుండె. మేం చక్రం హబ్బుల కిలోకు కిలో కుక్కుతుంటిమి. ఎన్నడన్న ఆగిందా బండి?"

చెయిన్ పట్టే ఆ పండ్ల చక్రం లోపల రెండు చిన్న ఇనుప నాలుకలుంటాయి. తొక్కినప్పుడు అవి పైకి లేచి పట్టుకుంటేనే చక్రం కదిలేది. వాటికి పల్చటి నూనె చుక్క చాలు. ఈయన బంక లాంటి గ్రీజు కూరితే అవి పడుకున్న చోటే అతుక్కుపోయాయి. లారీకి అట్లాంటి నాలుకలు లేవు. ఆయనకు తెలియనిది సైకిల్‌కూ లేదనుకున్నాడు.

పైనుంచి డీజిల్ సీసా తెమ్మన్నాను. తెల్ల చొక్కా ఇస్త్రీ మీదుందని గొణిగాడు.

"చొక్కా విప్పి తే. షరతు పొద్దుటిదాకా. ఇంకా పొద్దు ఉంది."

కొడుకు వాచీ చూసుకున్నాడు. సైకిల్‌ను పక్కకు పడుకోబెట్టి, పెద్ద సిరంజితో పండ్ల చక్రం సందులోకి డీజిల్ ఎక్కించాను. మరిది బనియన్‌తోనే కూర్చుని చక్రం తిప్పుతూ పోయాడు. నల్లటి బంక కారింది. మళ్లీ ఎక్కించాను. డీజిల్ తేటగా వచ్చేదాకా ఆపలేదు. తర్వాత కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు. లోపల టిక్ టిక్‌మని నాలుకలు లేచాయి.

"మరి చప్పుడొస్తున్నది గదమ్మా" అన్నాడు కొడుకు. ఇంజనీరింగ్ చదివించాం వాణ్ని.

మరిది లేచి చేతులు తుడుచుకుని, "అది రావాల్సిన చప్పుడేరా. బండి బాగైంది, పోనీయ్" అన్నాడు. తీర్పు తీర్పే. కోడలు స్కూటర్‌ను మళ్లీ వీధిలో పెట్టుకుంది.

సైకిల్ మీదే వెళ్లాను. నేను చేరేసరికి ప్రసంగం మొదలైంది, బెంచీలన్నీ నిండాయి. చివరి వరసలో ఇరుక్కుని కూర్చున్నాను. నా చేతుల డీజిల్ వాసనకు పక్కనున్నావిడ ముక్కు మూసుకుని అటు జరిగింది. మోకాళ్లు చాపుకోవడానికి సరిపడా జాగా దొరికింది.