మా అమ్మ దేవతయిన శుక్రవారం

దేవుళ్ళు ఎక్కడినుంచి వస్తారని నన్నెవరైనా అడిగితే వంటింట్లోంచి అంటాను. హాస్యానికి అనడం లేదు. మా ఇంట్లో ఒక దేవత పుట్టడం నేను కళ్ళారా చూశాను. ఆవిడ మా అమ్మ.

మా కోనసీమలో పసుపు కుంకాలతో పోయిన ఆడమనిషిని పేరంటాలు అంటారు. గోడకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొత్త చీర, ఇష్టమైన వంట ముందుపెట్టి కొలుచుకుంటే ఇంటిని కనిపెట్టుకుని ఉంటుంది. కొలుచుకోకపోతే ఏమవుతుందో పెద్దవాళ్ళు పిల్లల ముందు అనేవారు కాదు. అదే మనిషికి అప్పుడు వేరే పేరు వస్తుంది.

నా ఆరో ఏట అమ్మ విషజ్వరంతో పోయింది. అవి యుద్ధం రోజులు. గుడ్డకి కంట్రోలు, కిరసనాయిలుకి కంట్రోలు. కొత్త చీర దొరకలేదని మామ్మ, అంటే నాన్న తల్లి, పేరంటాల్ని పెట్టుకోవడం వాయిదా వేసింది. ఏడాది తిరక్కుండా నాన్న రెండో పెళ్ళి చేసుకున్నారు. ఆ పెళ్ళికి మాత్రం చీరలు ఎలా దొరికాయో నాకిప్పటికీ తెలియదు.

వచ్చిన పిన్నికి పద్దెనిమిదేళ్ళు నిండాయో లేదో. సముద్రం దగ్గరి ఊరి పిల్ల. మాట మెత్తన, నడక చప్పుడు లేదు. నేను ఆవిడతో మాట్లాడేదాన్ని కాదు. ఆవిడ తల దువ్వుతానంటే దువ్వెన దాచేసేదాన్ని. ఆవిడ మాత్రం కోప్పడకుండా, వేళ్ళతోనే చిక్కు తీసి జడ వేసేది.

పిన్నికి మొదటి కడుపు నిలవలేదు. రెండోసారి నెల తప్పగానే మామ్మకి భయం పట్టుకుంది. వీధిలో వెళ్తున్న సోది చెప్పే ఆవిడని పిలిచి, చేటలో బియ్యం పోసి కూర్చోబెట్టింది. ఆవిడ బియ్యం మీద చెయ్యి తిప్పి, "ఈ ఇంట్లో ముందు మసిలిన ఆడకూతురు ఆకలితో తిరుగుతా ఉందమ్మా" అంది.

మామ్మ చెల్లెలు అప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందుగా వచ్చి, ఆఖరున వెళ్ళే మనిషి. ఆవిడ గొంతు తగ్గించి, "ఇంకా చూస్తా కూర్చుంటావేంటే అక్కా! కాలవవతల మంత్రగాడున్నాడు కదా. పిలిపించి చింతచెట్టుకి మేకు కొట్టించెయ్యి. మళ్ళీ ఈ గడప తొక్కదు" అంది.

తలుపు వెనక నుంచి విన్నాను. ఆ చింతచెట్టు నాకు తెలుసు. మా బడి దోవలోనే ఉంది. దాని మానుకి తుప్పు పట్టిన మేకులుండేవి. ఏమిటో అనుకునేదాన్ని. ఒక్కో మేకు కింద ఒక్కొక్కరి అమ్మ ఉందన్నమాట! ఇప్పుడు మా అమ్మనీ అక్కడ కొట్టేస్తారు. నాకు ఏడుపు రాలేదు. గబగబా వెళ్ళి వంటింట్లో పిన్ని వెనక నిలబడ్డాను. ఆవిడతో మాట్లాడననే పంతం ఆ క్షణాన గుర్తు లేదు.

"మా అమ్మకి మేకు కొడతారంట" అన్నాను.

పిన్ని చేతిలో గరిటె కింద పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, నా వేలు పట్టుకుని, వసారాలోకి నడిచింది. పెద్దవాళ్ళ ఎదుట పిన్ని గొంతు వినడం అదే నాకు మొదలు.

"అత్తయ్యగారండీ, ఆకలేస్తుందన్న మనిషికి అన్నం పెడతారు గానండీ, మేకు కొడతారేంటండీ?"

"నీ కడుపు కోసమేనే అమ్మా మా బాధంతాను" అంది మామ్మ.

"ఆయ్, నా కడుపు కోసమేనండి. ఈ పిల్ల తల్లిని చెట్టుకి కొట్టించేసి, నేను పిల్లల తల్లినెలా అవుతానండీ?"

మామ్మ చెల్లెలు మూతి తిప్పుకుంది. మామ్మ నా వంక ఓసారి చూసి, "సరే, శుక్రవారం పేరంటాల్ని పెట్టుకుందాం. చీరేదీ మరి?" అంది. పిన్ని లోపలికి వెళ్ళి, పుట్టింటివాళ్ళు పెట్టిన చీరల్లో మడత విప్పని ఎర్రంచు పసుపు చీర తెచ్చి మామ్మ ఒళ్ళో పెట్టింది.

ఇంక వంట దగ్గర చిక్కొచ్చింది. పోయిన మనిషికి ఏది ఇష్టమో అదే పెట్టాలి. లేకపోతే ఆకలి తీరదు. మా అమ్మకి ఏమిష్టం? నాన్నని అడిగితే దూలాల వంక చూశారు. ఆయనకి ఏమిష్టమో అమ్మకి తెలుసు గాని, అమ్మకేమిష్టమో ఆయనకెలా తెలుస్తుంది? మామ్మ ఆలోచించి, "పెట్టింది తినేది. వంకలు పెట్టే పిల్ల కాదు" అంది.

"నాకు తెలుసు!" అని అరిచాను. "మాడు! మాడు గోక్కుని, చింతకాయ పచ్చడి వేసుకు తినేది. నాకూ ఓ ముద్ద పెట్టేది."

అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. నాకెంత గర్వమో! మా అమ్మని చెట్టు నుంచి తప్పించింది నేనే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే పిన్ని తలారా స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, పొయ్యి వెలిగించింది. కావాలని ఎసరు తగ్గించి అన్నం అడుగంటించింది. కావాలని మాడ్చిన వంట మా ఇంట్లో అదొక్కటే. వాసన వీధి అరుగుదాకా పోయింది. పిన్ని పైఅన్నం తీసేసి, ఇత్తడి తపేలా వంచి, గరిటెతో అడుగు గోకుతోంది. విస్తరి పట్టుకుని పక్కనే కూర్చున్నాను.

గోకుతూ గోకుతూ ఆగిపోయింది. కదలదు. చూస్తే కళ్ళమ్మట నీళ్ళు.

"పొగా పిన్నీ?" అన్నాను. పిన్నీ అని పిలవడం అదే మొదటిసారి.

"నిన్న రాత్రి నేనూ ఇదే తిన్నాను తల్లీ" అంది. "ఇష్టమై కాదు. మీరంతా తిన్నాక ఇదే మిగిలింది."

నాకు అర్థం కాలేదు. గుమ్మంలో ఉన్న మామ్మకి అర్థమైంది. పిన్ని తలెత్తి, "అత్తయ్యగారండీ, మీకెప్పుడైనా మాడంటే ఇష్టంగా ఉండేదాండీ?" అని అడిగింది. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

మామ్మా ఆ ఇంటికి కోడలుగా వచ్చిన మనిషే. "పళ్ళున్నన్నాళ్ళూ అదే తిన్నాను. ఇష్టమా అని నన్నెవరడిగేరే!" అంది. లోపలికి వెళ్ళి, ఉట్టి మీది నెయ్యిగిన్నె దింపి తెచ్చింది. నాన్న కోసం దాచే నెయ్యి అది.

మళ్ళీ ఎసరు పెట్టారు. కంది పప్పు, వంకాయ కూర, పొగలు కక్కే అన్నం. మాడు ఆవుకి పెట్టేశారు. పసుపు రాసిన గోడ ముందు విస్తరి వేసి, పిన్ని వడ్డించి, "అక్కా, వేడిగా ఉంది, తినండి" అంది. మంత్రం అదొక్కటే. అప్పుడు ఏడ్చాను. మా అమ్మని అలా కూర్చోబెట్టి, ముందుగా, తినమని అడగడం నేనెప్పుడూ చూడలేదు.

పేరంటాలి విస్తరి ముత్తయిదువ తినాలి. అందుకని పిన్ని కూర్చుంది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నాన్న కాళ్ళు కడుక్కొచ్చి, తన పీట ముందు విస్తరి లేకపోవడం చూసి తికమకపడ్డారు. మామ్మ, "ఆగరా, ఆడవాళ్ళు తింటన్నారు" అంది. ఆయన చెంబు పట్టుకుని వసారాలో నిలబడ్డారు.

పురుడొచ్చేదాకా ప్రతి శుక్రవారం జరగాలంది మామ్మ. పిన్ని బుగ్గలు తేరాయి. తమ్ముడు నిండు నెలలకి పుట్టాడు. పేరంటాలి మహిమ అన్నారు ఊళ్ళోవాళ్ళు. ఆపితే కోపమొస్తుందని మామ్మ రోజూ ముందు పేరంటాలికే విస్తరి వేయించడం మొదలుపెట్టింది. అలా మా ఇంట్లో ఆడవాళ్ళు వేడన్నం తిన్నారు. తర్వాత పెళ్ళయి నేను అత్తవారింటికి వెళ్ళేటప్పుడు, పిన్ని అమ్మ గోడ మీది పసుపు చిటికెడు తీసి నా చీరకొంగున ముడేసి, "మీ అమ్మని అక్కడా పెట్టుకో. వేడన్నం పెట్టు" అంది.

పెట్టుకున్నాను. అమ్మకి చాలా మహిమ ఉంది, కాదనను. బతికుండగా ఆవిడ ఒక్క పూటైనా వేడన్నం తిన్నదేమో అని మాత్రం, విస్తరి వేసిన ప్రతిసారీ గుర్తు చేసుకోవాలని చూస్తాను. గుర్తు రాదు.