నాగేశ్వరి వేసిన టెండరు

నాగేశ్వరి మునిసిపల్ కాంట్రాక్టరు, మూసాపేటలో ఉండేది. స్వయంగా గోతిలోకి దిగి పైపులు వేయించే ఆడమనిషిని ఆమెను తప్ప నేనెవరినీ చూడలేదు. ఆమె భర్త మేస్త్రీ పని చేస్తూ పైకొచ్చి, కాంట్రాక్టు లైసెన్సు సంపాదించి, గుండెపోటుతో పోయాడు. ఆ లైసెన్సు ఆమె పేరు మీదికి మార్పించడానికి ఆఫీసుల చుట్టూ తిరిగినవాడు రామ్మోహనరావు అనే పెద్ద కాంట్రాక్టరు. ఆ మేలు ఆమె మరిచిపోలేదు. ఆయన మరిచిపోనిచ్చే రకమూ కాదు.

నేను మునిసిపల్ ఆఫీసులో టెండరు ఫారాలు అమ్మే గుమాస్తాని. నా దగ్గర ఫారం కొననిదే ఎవరూ టెండరు వేయలేరు. కానీ అసలు తతంగమంతా ఎదురుగా ఇరానీ హోటల్లో జరిగేది. ఈసారి పని ఎవరి వంతో కాంట్రాక్టర్లు అక్కడే తేల్చుకునేవాళ్లు. మిగతావాళ్లు ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి వంతు వచ్చినవాడి చేతికిచ్చేవాళ్లు. వాటిలో ఎక్కువ రేట్లు అతనే నింపి, తన తక్కువ రేటుతో కలిపి పెట్టెలో వేసేవాడు. దీనికి రింగు అని పేరు. పోటీ లేదు కాబట్టి ఆ తక్కువ రేటు కూడా అసలు ఖర్చుకు చాలా పైనే ఉండేది. నాగేశ్వరి కూడా అందరిలాగే సంతకం పెట్టి ఇచ్చేది. నాకు అంతా తెలుసు. తెలిసీ జీతం తీసుకుని తల దించుకుని కూర్చునేవాణ్ని.

తొంభై ఎనిమిది అక్టోబరులో వచ్చిన గాలివానకు, మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న చోట పెద్ద మురుగు పైపు విరిగిపోయింది. మురుగంతా పల్లంలో ఉన్న బస్తీలోకి మళ్లింది. నాగేశ్వరి దగ్గర కూలికి వచ్చే కొమురమ్మ ఇల్లు అక్కడే. ఆమె మనవరాలికి వాంతులు, విరేచనాలు పట్టుకుని దవాఖానలో పెట్టారు. పలకరించడానికి వెళ్లిన నాగేశ్వరి ఊరుకోలేదు. చీర ఎగ్గట్టి, పైపు విరిగిన గోతిలోకి దిగింది. పైపు కింద వేయాల్సిన కాంక్రీటు బెడ్డు లేనే లేదు! వట్టి మట్టి మీద పెట్టి పూడ్చేశారు. నీళ్లకు మట్టి కొట్టుకుపోగానే పైపు కుంగింది. రెండేళ్ల కిందట ఆ పైపు వేసింది రామ్మోహనరావే. ఇప్పుడు బాగుచేసే వంతు కూడా ఆయనదే.

టెండరు రోజున నా బల్ల పక్కనున్న పెట్టె మూడింటికి మూసేయాలి. రెండున్నరకు రామ్మోహనరావు, ఇంకో ముగ్గురు కాంట్రాక్టర్లు నాలుగు కవర్లతో వచ్చి వేశారు. నాగేశ్వరి ఫారం మాత్రం వాళ్లకు అందలేదు. ఆమె మూడింటికి పది నిమిషాలుందనగా వచ్చింది.

"ఏమ్మా, ఇంత ఆలస్యమా? ఫారం ఇటివ్వు, నేను నింపుకుంటాను," అన్నాడు రామ్మోహనరావు నవ్వుతూ.

"నేనే నింపిన అన్నా."

ఆయన నవ్వు పోయింది. ఆమె చేతిలో అంటించిన కవరు కనిపించింది. ఆయనతో వచ్చిన ముగ్గురూ పెట్టెకు అడ్డంగా నిలబడ్డారు.

"తొందరపడకు. లైసెన్సు ఎవరి వల్ల వచ్చిందో గుర్తుచేసుకో. ఇది వేశావంటే రేపటినుంచి నీకు ఈ ఊళ్లో పని పుట్టదు. చదువుకునే పిల్లలున్నారు నీకు."

"మర్చిపోలే అన్నా. గందుకే మూడు దినాల నుంచి నిద్ర పడ్తలేదు. గాని గా గోతిల దిగి చూసిన. కింద బెడ్డు ఎయ్యలే మీరు. మల్ల గట్లనే ఏస్తరు. పోరి దవాఖాన్ల పడున్నది. గా పనికి నా సంతకమియ్య."

మూడింటికి ఇంకా నాలుగు నిమిషాలు.

"జోసెఫ్ సారూ, జర తొవ్వ ఇడువుమని చెప్పున్రి," అంది నాతో.

చెప్పడం నా ఉద్యోగం. నేను ఫారాల రిజిస్టరు తిరగేస్తూ కూర్చున్నాను. ఆమె ఒక్క క్షణం చూసి, వాళ్ల మధ్యకు భుజం దూర్చి నెట్టింది. ఇసుక తట్టలు మోసిన భుజం అది. ముగ్గురూ పక్కకు తూలారు. కవరు పెట్టెలో పడింది.

ఇంజనీరుగారు కవర్లు అందరి ముందూ విప్పి, రేట్లు రెండుసార్లు చదువుకున్నారు. తక్కువ రేటు నాగేశ్వరిది. ఆయనకు ఇష్టం ఉన్నా లేకపోయినా పని ఆమెకే రాయాల్సి వచ్చింది. నాకు లోపల చప్పట్లు కొట్టాలనిపించింది, చేతులు మాత్రం బల్ల కిందే ఉంచుకున్నాను. ఆమె బెడ్డు వేయించి, పద్దెనిమిది రోజుల్లో పైపు పూర్తి చేసింది. ఆ తర్వాత పడిన వానకు బస్తీలోకి చుక్క మురుగు రాలేదు. కొమురమ్మ మనవరాలు ఇంటికి వచ్చేసింది.

తర్వాతి నెల బాలానగర్ వైపు ఇంకో కాలువ పని వచ్చింది. టెండరు ముందురోజే రామ్మోహనరావు నా బల్ల దగ్గర కూర్చుని టీ తెప్పించాడు. "ఆవిడకి ఫారం దొరక్కూడదండి జోసెఫ్ గారూ," అన్నాడు మెల్లగా. బెదిరించను కూడా లేదు. నా సంగతి ఆయనకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు నాగేశ్వరి వచ్చింది. "ఫారమియ్యున్రి సారూ."

"నిన్ననే అయిపోయాయమ్మా," అన్నాను.

నా సొరుగులో పదకొండు ఉన్నాయి. ఆమె నా మాట నమ్మింది. నా మొహం చూసి, నేనే ఏదో పోగొట్టుకున్నాననుకున్నట్టుంది.

"పర్వాలే సారూ, మీరేం జేస్తరు," అని నన్ను ఓదార్చి మెట్లు దిగిపోయింది.