లాలిపాటలో వదిన వదిలిన ఖాళీలు

నాదమై పుట్టి, నాలుక మీద నామమై నిలిచిన స్వామికి ముందుగా నమస్కారం. గొంతు ఇచ్చినవాడూ ఆయనే, ఆ గొంతు విని కళ్ళు మూసుకునేవాడూ ఆయనే. మా మామిడి తోటల్లో పూత నిలిపి, గాలికి పిందె రాలకుండా కాచి, కాయ పండకముందే దాని తీపి ఎరిగినవాడు. ఆయనకు జయము. ఆయన్ని తలచుకోకుండా ఈ నాలుగు మాటలు నేను మొదలుపెట్టలేను.

మా ఊరు నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో ఉంది. ప్రతి శనివారం సాయంత్రం రామాలయంలో భజన జరుగుతుంది. నేను హార్మోనియం వాయిస్తాను. పాట చెప్పేది మా వదిన. ఆమె ఒక పాదం అంటే, కూర్చున్నవాళ్ళందరూ అదే పాదం తిరిగి అంటారు. చివర్లో స్వామికి పవళింపు లాలి. అది వాళ్ళ నాయనమ్మ నోటి నుంచి ఆమెకు వచ్చిన పాట. వెనకాల అనడం అందరికీ వచ్చు గానీ, ముందు ఎత్తుకోవడం మాలో ఇంకెవరికీ చేతకాదు.

ఈ వేసవిలో వదిన మెడలో చిన్న గడ్డ కనిపించింది. థైరాయిడ్ అన్నారు, విజయవాడలో ఆపరేషన్ చేయాలన్నారు.

"మాటకు సంబంధించిన నరం ఆ పక్కనే ఉంటుందమ్మా. మామూలుగా ఏమీ కాదు. కానీ గొంతు ఎప్పటిలాగే ఉంటుందని నేను రాసివ్వలేను" అన్నారు డాక్టరుగారు. అప్పటిదాకా గొంతుకు ఎక్కువ శ్రమ పెట్టొద్దని కూడా చెప్పారు.

ఇంటికొచ్చాక వదిన అడిగింది ఒక్కటే.

"నేను మళ్ళీ పాడేదాకా స్వామికి లాలి ఉండొద్దూ? నీ కంప్యూటర్లో పెట్టవయ్యా మరిదీ. ఎలాగూ పొద్దస్తమానం ఆ డబ్బా ముందే కూర్చుంటావు."

వేగం తెలియడానికి ఫోన్లో ఒకసారి సన్నగా పాడి ఇచ్చింది. దాని మీద నేను వాయిద్యాలు కూర్చడం మొదలుపెట్టాను.

నా మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో టెంప్లేట్ ఒకటి ఉంది. పెద్ద ఆర్కెస్ట్రాలో ఉండే వాయిద్యాలన్నిటినీ వరుసగా పేర్చి ఉంచుకున్న ఫైలు అది. నిజమైన కళాకారులు ఒక్కో స్వరం వాయించగా రికార్డు చేసిన శబ్దాలు ఒక్కో వాయిద్యం వెనక వేలకు వేలు ఉంటాయి. ఫైలు తెరవగానే అవన్నీ కంప్యూటర్ ర్యామ్‌లోకి, అంటే పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీలోకి, ఎక్కి కూర్చుంటాయి, మనం వాడినా వాడకపోయినా. నాది పదహారు జీబీ ర్యామ్. మామూలు పాటలకు నాలుగైదు వాయిద్యాలు ఎక్కించుకుంటాను, సరిపోతుంది. కానీ ఇది స్వామికి వదిన పాడే లాలి. దేవుడికి పెట్టేదాంట్లో తగ్గించడమేంటని, వయొలిన్లు, వేణువులు, బూరలు, ఆఖరికి కోరస్ కూడా ఎక్కించాను. పాదానికీ పాదానికీ మధ్య వదిన ఎక్కువసేపు ఆగుతోంది. పాపం ఆయాసం కాబోలనుకుని, ఆ చోట్లన్నీ కోరస్‌తోనూ బూరలతోనూ నింపాను.

ఆపరేషన్‌కు ముందు ఆదివారం రికార్డింగుకు కూర్చున్నాం. అన్నయ్య తోటలో కోత దగ్గరున్నాడు. శబ్దం రాకూడదని ఫ్యాను కట్టేశాం. వదిన హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని పల్లవి ఎత్తుకుంది. రెండో పాదం దగ్గర చిటపటమని చప్పుడైంది, తెర బిగుసుకుపోయింది. పాడినదంతా పోయింది.

"ఏంటయ్యా, నీ డబ్బాకి కూడా గొంతు పట్టేసిందా?"

"మెమరీ నిండిపోయింది వదినా. ఒక్క నిమిషం."

ఆమె గోరువెచ్చని నీళ్ళు తాగి, మెడ మీద చెయ్యి ఆనించుకుంది. ఆ చెయ్యి చూసేసరికి నాకు భయమేసింది. ఆ గొంతులో ఆ రోజుకి ఎంత పాట మిగిలి ఉందో స్వామికే తెలుసు.

కంగారులో, అంతగా అక్కర్లేదనుకున్న వాయిద్యాలను మ్యూట్ చేశాను. ఈసారి చరణం సగంలో ఆగింది. మ్యూట్ చేస్తే శబ్దం వినపడదు, అంతే. ర్యామ్ ఖాళీ కాదు. వాటిని పూర్తిగా దించేయాలి. ఆ సంగతే వదినకు చెప్పాను.

"అంటే నీవాళ్ళు నోరు మూసుకున్నారే గానీ, చాప మీంచి లేవలేదన్నమాట."

"అంతే వదినా."

"మరి ఎవర్ని లేపుతావు?"

నాకు ఎవర్నీ లేపబుద్ధి కాలేదు. వదినే మళ్ళీ అంది.

"ఇందాకట్నుంచీ అడుగుదామనుకుంటున్నా. నేను పాదం అని ఆగానా, మధ్యలో ఆ... ఆ... అంటున్నదెవరు?"

"కోరస్. ఎక్కడో పై దేశంలో పాడించి రికార్డు చేశారు."

"బాగానే అన్నారు పాపం. వాళ్ళు అనేస్తే మరి మనవాళ్ళెప్పుడు అంటారు?"

అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఆమె ఆగింది ఆయాసానికి కాదు. ఫోన్లోకి ఒక్కతే కూర్చుని పాడినా, రామాలయంలో అందరూ తిరిగి అనడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగింది. ఇన్నేళ్ళు పక్కనే వాయించిన నాకు అది తెలియలేదు. గుళ్ళో ఆ చోటు ఎప్పుడూ నిండే ఉంటుంది మరి. ఖాళీగా నేనెన్నడూ వినలేదు. నవవిధ భక్తుల్లో శ్రవణం ముందు, కీర్తనం తరువాత అని సత్సంగంలో చదువుకున్నవాణ్ణే.

కోరస్ దించేశాను. అన్నిటికంటే ఎక్కువ చోటు తిన్నది అదే. బూరలూ దించాను. మిగిలిన వయొలిన్లను, వేణువును ఒకే ఆడియో ఫైలుగా చేసుకుని, వాటినీ దించేశాను. ఆ ఒక్క ఫైలును, వదిన మైకును కొత్త ప్రాజెక్టులో పెట్టాను. ఇక కంప్యూటర్‌కు మోయడానికి పెద్దగా ఏమీ లేదు.

మూడోసారి లాలి చివరిదాకా వచ్చింది. ఆఖరి పాదంలో కొంచెం జీర వినిపించింది.

"మళ్ళీ అననా?"

"వద్దు వదినా. స్వామికి నిద్ర పట్టేసింది."

"పట్టదూ మరి? నీ గోల ఆగిందిగా" అని నవ్వింది.

ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చిన తర్వాతి శనివారం, మాట్లాడొద్దని డాక్టరుగారు చెప్పిన వదిన, మెడకు పలచటి కండువా చుట్టుకుని వచ్చి ఎప్పటి చోటే కూర్చుంది. చివర్లో నేను స్పీకరులో లాలి పెట్టాను. మొదటి పాదం అయిపోయింది. ఎవ్వరూ అనలేదు. అందరూ స్పీకరు వంక చూస్తున్నారు. ఆ ఖాళీ అలా జరిగిపోతుంటే వదిన ఒళ్ళోని తాళాలు అందుకుని గట్టిగా ఒక్క దెబ్బ వేసింది. రెండో పాదానికి గుడంతా పలికింది. అన్నయ్య గొంతు అందరికంటే పైకి వినపడింది. ఆయన ఎప్పుడూ శ్రుతిలో ఉండడు. ఆ రోజు వదిన ఆయన వంక కోపంగా చూడలేదు.

ఇప్పుడు వదిన మాట గుసగుసగా వస్తోంది. లోపలి వాపు తగ్గాలి, ఇంకొన్నాళ్ళు చూద్దాం అంటున్నారు డాక్టరుగారు. శనివారాలు స్పీకరే లాలి ఎత్తుకుంటోంది, మేం వెనకాల అంటున్నాం. ఇది చదువుతున్న మీరు ఎక్కడున్నా సరే, ఈ శనివారం సాయంత్రం దీపం పెట్టే వేళ మాతో కూర్చున్నట్టే అనుకోండి. మా వదిన ఆగిన ఆ చోటులో, ఆమె గొంతు ఆమెకు తిరిగి ఇమ్మని మాతోపాటు స్వామి పేరు ఒక్కసారి అనండి.